మనల్ని వెతుక్కుంటూ వచ్చే మర్యాద

సంక్రాంతి సెలవులకు బ్యాంకాక్ బయల్దేరేవాళ్ళ చేతికి జాగ్రత్తల చిట్టాలు బోలెడు అందుతాయి. అన్నీ గుర్తుపెట్టుకోలేం. ఒక్క ప్రశ్న గుర్తుంటే చాలావరకు గట్టెక్కవచ్చు: ఈ మాట ముందు కదిపింది ఎవరు?

బ్యాంకాక్‌లో గ్రాండ్ ప్యాలెస్‌ను పొద్దున ఎనిమిదిన్నరకు తెరుస్తారు. మధ్యాహ్నం మూడున్నర దాకా సందర్శకులను లోపలికి పంపుతారు. రాజకుటుంబపు వేడుకలుండే కొద్ది రోజులు తప్పితే ఏడాది పొడవునా ఇదే వరస. అయినా ఆ తెల్లటి ప్రహరీ పక్కన నడుస్తున్న విదేశీయుడికి తొమ్మిది గంటలకే ఓ పెద్దమనిషి ఎదురవుతాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఏదో కార్డు, తడబాటు లేని ఇంగ్లిషు. ‘ఇవాళ లోపల పూజ ఉందండీ, మధ్యాహ్నం దాకా బయటివాళ్ళను రానివ్వరు’ అంటాడు. ఇంత దూరం వచ్చి ఊరికే తిరిగిపోవాలా అని జాలిపడతాడు కూడా. మ్యాపు తీసి రెండు మూడు గుళ్ళకు సున్నాలు చుడతాడు. పక్కనే ఆగి ఉన్న టక్‌టక్‌ను కేకేసి, అన్నీ తిప్పి తీసుకురావడానికి 20 బాత్‌లకు బేరం కుదురుస్తాడు. మొదటి గుడి నిజంగా గుడే. అక్కడ మరో మనిషి యాదృచ్ఛికంగా తారసపడి, ప్రభుత్వం పన్ను లేకుండా రత్నాలు అమ్మిస్తోందనీ, ఇవాళే ఆఖరి రోజనీ మాటల సందర్భంలో చెబుతాడు. తర్వాతి మజిలీ నగల దుకాణం. అక్కడ అంటగట్టే నీలాలు చాలాసార్లు అసలువే. ధర మాత్రం వాటి విలువకు ఎన్నో రెట్లు. ‘మీ ఊళ్ళో రెట్టింపుకు అమ్ముకోండి’ అన్న హామీతో వాటిని ప్లాస్టిక్ కవర్లో పెట్టి సీలు వేస్తారు. సీలు తెంచితే విలువ పోతుందని కూడా చెబుతారు.

ఈ నాటకం నిన్నమొన్నటిది కాదు, దశాబ్దాల నాటిది. ప్రతి గైడ్‌బుక్కులోనూ ఉంది. నమ్మవద్దంటూ ప్యాలెస్ దగ్గరే హెచ్చరికలున్నాయి. పాత్రలు మారుతున్నాయేమో కానీ సంభాషణలు పెద్దగా మారలేదు. ఇంత అరిగిపోయిన అబద్ధం ఇంకా ఎలా చెల్లుబాటవుతోందన్నది ఆలోచించాల్సిన సంగతి. దీనికి మామూలుగా వినపడే జవాబు ఆశపోతులు మోసపోతారని. ఈ జవాబులో మోసపోయినవాళ్ళ మీద చిన్నచూపు, మనం మోసపోమన్న ధీమా రెండూ ఉన్నాయి. ఆ ధీమాతోనే చాలామంది టక్‌టక్ ఎక్కుతారు. పైన చెప్పిన కథను దశలుగా విడదీసి చూస్తే రత్నాల దాకా ఆశ అన్నదే లేదు. ప్యాలెస్ మూసి ఉందంటే నమ్మడం ఆశ కాదు. దానికి బదులు ఓ గుడి చూద్దామనుకోవడం ఆశ కాదు. చవగ్గా వస్తున్న బండి ఎక్కడం కూడా, ఆ ఊళ్ళో బండి ధరలు తెలియనివాడి విషయంలో, ఆశ కాదు. ప్రతి మెట్టూ సబబుగానే ఉంటుంది. ముందు మెట్టు ఎక్కినందుకు తర్వాతి మెట్టు ఎక్కడం తేలికవుతుంది.

అసలు కారణం సమాచారంలో ఉంది. అమ్మేవాడికి సరుకు సంగతి తెలిసి కొనేవాడికి తెలియనప్పుడు బజారు ఎలా చెడిపోతుందో పాత కార్ల ఉదాహరణతో జార్జ్ ఆకెర్లాఫ్ 1970లోనే రాశారు. 2001లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. పర్యాటకుడు ఆ తెలియనితనానికి నిలువెత్తు రూపం. నలుగురు ఆర్థికవేత్తలు ఏథెన్స్‌లో దీన్ని టాక్సీల మీద పరీక్షించి 2013లో ఫలితాలు ప్రచురించారు. ఒకే దారికి మూడు రకాల ప్రయాణికులను ఎక్కించారు: ఆ ఊరివాళ్ళలా కనిపించేవాళ్ళు, గ్రీకువాళ్ళే అయినా ఆ ఊరికి కొత్తవాళ్ళు, విదేశీయులు. దారి తెలియదని తేలిన వాళ్ళను, స్వదేశీయులైనా సరే, చుట్టూ తిప్పారు. చార్జీల పద్ధతి కూడా తెలియని విదేశీయుల బిల్లులో అదనపు వడ్డనలు చేరాయి. డ్రైవర్లు వేరేవాళ్ళు కారు, వాళ్ళే. ఎదుటివాడికి ఏం తెలుసు, ఏం తెలియదు అన్నదాన్ని బట్టి వాళ్ళ నిజాయితీ మారింది. కనుక ‘ఫలానా దేశం వాళ్ళు మోసగాళ్ళు’ అన్న తీర్పుకు తావు లేదు. పైగా పర్యాటకుడు మళ్ళీ రాడు. రేపటి బేరం పోతుందన్న భయం లేని చోట ఇవాళ్టి బేరానికి పగ్గం ఉండదు.

ఇప్పుడు దీనికి సీజన్‌ను కలపండి. బ్యాంకాక్‌లో వానలు తగ్గి కాస్త చల్లబడేది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. క్రిస్మస్, కొత్త సంవత్సరం, చైనా కొత్త సంవత్సరం, మన సంక్రాంతి సెలవులు అన్నీ ఆ నెలల్లోనో వాటి అంచునో పడతాయి. 2024లో థాయ్‌లాండ్‌కు వచ్చిన విదేశీయులు దాదాపు 3.55 కోట్ల మంది. అందులో భారతీయులు 21 లక్షలకు పైనే. చైనా, మలేసియాల తర్వాత మూడో స్థానం మనదే. 2023 నవంబరులో వీసా లేకుండా మనవాళ్ళను రానివ్వడం మొదలుపెట్టాక హైదరాబాద్ నుంచి కూడా ఈ ప్రయాణం గోవా ప్రయాణమంత తేలికైంది. రద్దీ పెరిగితే మోసగాళ్ళ సంఖ్య పెరుగుతుందని అనుకుంటాం. నిజానికి రద్దీలో పెరిగేది అబద్ధాల మీద నమ్మకం. ‘క్యూ మూడు గంటలుంది’, ‘టికెట్లు అయిపోయాయి’, ‘ఈ ట్రాఫిక్‌లో మీటరు మీద ఎవరూ రారు’ అనే మాటలు జులైలో వింటే అనుమానం వస్తుంది. డిసెంబరు ఆఖరి వారంలో ఏ రోజైనా ఇవన్నీ నిజమే అయి ఉండవచ్చు. దానికి తోడు నాలుగు రాత్రుల ప్రయాణంలో ఒక్క పూట పోతే మళ్ళీ దొరకదు. విచారించి తెలుసుకునే ఓపిక, తీరిక రెండూ ఉండవు.

అబద్ధానికి ఎప్పుడూ కాస్త నిజం ఊతంగా ఉంటుంది. గ్రాండ్ ప్యాలెస్ నిజంగా మూసిన రోజులున్నాయి. భూమిబల్ రాజు అంత్యక్రియల సందర్భంగా 2017 అక్టోబరులో చాలా రోజులు సందర్శకులను రానివ్వలేదు. మోకాళ్ళు, భుజాలు కనిపించే బట్టలతో లోపలికి పంపరన్నదీ నిజమే. అందుకే ‘ఈ బట్టలతో రానివ్వరు’ అనేవాడి మాట చెల్లుతుంది. రత్నాల సంగతీ అంతే. చంతాబురిలో కెంపులు, నీలాల వ్యాపారం ప్రపంచ ప్రసిద్ధం. బ్యాంకాక్ సీలొమ్ ప్రాంతంలో పెద్ద పెద్ద వర్తకులున్నారు. రాళ్ళను పరీక్షించి పత్రం ఇచ్చే జాతీయ సంస్థ ఉంది. ఆ పేరు ప్రతిష్ఠల నీడలోనే వీధి మోసం బతుకుతోంది. ఇలాంటప్పుడు మాటలోని నిజానిజాలు తూచి మోసాన్ని పట్టుకోవడం కొత్తవాడి వల్ల అయ్యే పని కాదు. మాటను వదిలేసి, ఆ మాట మన దాకా వచ్చిన దారిని చూడాలి.

కోటికి పైగా జనం ఉండే మహానగరంలో మోసాన్నే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళు పిడికెడు మంది. ఎవరైనా ఒక దారిన పోయే మనిషిని మీరు ఎంచుకుని ఆపి, ప్యాలెస్ గేటు ఎటువైపు అని అడిగారనుకోండి. ఆ మనిషి మోసగాడయ్యే అవకాశం నామమాత్రం. చేపలు అమ్మే ఆవిడను అడిగినా, స్కూలు యూనిఫాంలో ఉన్న పిల్లవాణ్ణి అడిగినా, భాష రాకపోయినా చేయి చూపిస్తారు. అదే ఒక మనిషి మిమ్మల్ని ఎంచుకుని వచ్చి పలకరించాడంటే లెక్క తిరగబడుతుంది. ఆ గోడ పక్కన మామూలు బ్యాంకాక్ వాసులు ఎవరి పని మీద వాళ్ళు పోతుంటారు. విదేశీయుణ్ణి ఆపి తీరిగ్గా మాట్లాడే తీరిక, అవసరం అక్కడ ఎవరికుంటాయి? ఒకే నగరం, అదే జనం. ఎంపిక ఎవరిదన్న దాన్ని బట్టి ఆ జనంలోంచి మీకు ఎదురయ్యే మనిషి మారిపోతాడు. తిరుపతిలో బస్సు దిగీ దిగగానే ‘దర్శనం టికెట్లున్నాయి సార్’ అంటూ దగ్గరకొచ్చే మనిషిని మనం ఆమడ దూరం నుంచే గుర్తుపడతాం. అతని ముఖం చూసి కాదు, అతనే మన దగ్గరకు వచ్చాడు కాబట్టి. విమానం ఎక్కి దిగేసరికి ఈ తెలివి ఎందుకో మరిచిపోతాం. కొత్త దేశంలో పలకరింపే గొప్ప ఆదరణగా తోస్తుంది కాబోలు.

మరి అబద్ధం ఇంత మొరటుగా ఎందుకుంటుంది? ఇరవై బాత్‌లకు పూటంతా టక్‌టక్ అంటే ఎవరికైనా అనుమానం రావాలి కదా. కొద్దిపాటి దూరానికే అంతకు మూడు నాలుగు రెట్లు అడుగుతారు. మైక్రోసాఫ్ట్‌లో పరిశోధకుడైన కార్మాక్ హెర్లీ 2012లో ‘నైజీరియా ఉత్తరాలు’ అనే మోసపు ఈమెయిళ్ళ మీద రాసిన వ్యాసంలో దీనికి జవాబు దొరుకుతుంది. కోట్ల డాలర్ల వారసత్వం కథ అంత నమ్మశక్యం కాకుండా ఎందుకు రాస్తారంటే, అనుమానించేవాళ్ళు మొదట్లోనే తప్పుకోవాలని. చివరి దాకా వచ్చి డబ్బు ఇవ్వకుండా పోయేవాళ్ళతో మోసగాడికి కాలం వృథా. టక్‌టక్ ధర కూడా ఇలాంటి జల్లెడే అని నా ఉద్దేశం. ధరలు తెలిసినవాళ్ళు నవ్వుకుని వెళ్ళిపోతారు. ఎక్కి కూర్చున్నవాళ్ళు తమకు ఏమీ తెలియదని తామే చెప్పినట్టు లెక్క. డ్రైవరుకు ఆ ఇరవైతో పనిలేదు. దుకాణం గుమ్మం దాకా మనిషిని చేరిస్తే పెట్రోలు కూపను, కొంటే కమీషను. అందుకే మోసాల జాబితాలు బట్టీ పట్టడం కన్నా ఊరి ధరలు తెలుసుకోవడం ఎక్కువ ఉపయోగం. ధర తెలిసినవాడు ఆ జల్లెడలోంచి తనంతట తానే రాలిపోతాడు.

ఎవరు ముందు కదిపారన్న ప్రశ్నను మిగతా ఎత్తుల మీద పెట్టి చూడండి. సుఖుంవిత్ రోడ్డు మీద ‘మీ ముఖంలో అదృష్టం కనిపిస్తోంది’ అంటూ ఎదురొచ్చే జోస్యుడు, ‘నమస్తే, ఇండియానా?’ అంటూ చేయి పట్టుకునే సూటు దుకాణం మనిషి, మీ దేశపు నోటు ఎలా ఉంటుందో చూపించమని ముచ్చటగా అడిగి పర్సులో వేళ్ళు ఆడించే దంపతులు, పట్పాంగ్‌లో మేడ మీది షోకు ప్రవేశం ఉచితమని లాక్కెళ్ళి దిగేటప్పుడు వేల బాత్‌ల బిల్లు చేతిలో పెట్టేవాళ్ళు. వేషాలు వేరు, మొదలు ఒకటే. మన విషయంలో హిందీ పలకరింపు ఒక ప్రత్యేకమైన ఎర. పరాయి ఊళ్ళో మనవాడన్న భావన కలగగానే కాపలా సడలుతుంది. టాక్సీలకూ ఇదే వర్తిస్తుంది. పర్యాటక స్థలం బయట ఆగి ఉన్న టాక్సీ మీ కోసం కాచుకున్నది, రోడ్డు మీద పోతున్న టాక్సీని మీరు చేయెత్తి ఆపుతారు. మొదటిది మీటరు వేయనంటుంది, రెండోది చాలావరకు వేస్తుంది. దేశంలో అడుగుపెట్టే ముందు నింపాల్సిన డిజిటల్ అరైవల్ కార్డు ఉందే, 2025 మే 1 నుంచి తప్పనిసరి చేశారు, అది పూర్తిగా ఉచితం. థాయ్ ఇమ్మిగ్రేషన్ వాళ్ళ సొంత సైట్లో దిగడానికి మూడు రోజుల ముందు నుంచి నింపవచ్చు. కానీ ఫోనులో వెతికితే డబ్బు గుంజే నకిలీ సైట్లు ప్రకటనల రూపంలో ముందుకొస్తాయి. అక్కడ కూడా మీరు వెతికింది ఒకటి, మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది మరొకటి. ఏటీఎం యంత్రం సైతం ముందుగా కదిపే రకమే: రూపాయల్లో తీసుకుంటారా అని మర్యాదగా అడుగుతుంది. వద్దని బాత్‌లే ఎంచుకోవాలి, లేకపోతే మారకపు రేటులో కోత పడుతుంది. విదేశీ కార్డుకు ఎలాగూ ఒక్కోసారికి కొంత రుసుము తప్పదు.

దీనికి వెంటనే వచ్చే ఆక్షేపణ ఒకటుంది, బలమైనదే. ఇలా లెక్కలు వేసుకుంటూ తిరిగితే ప్రయాణం దేనికి? దేశాలు చూడటమంటే గోడలు, గోపురాలే కాదు, మనుషులు కూడా. పలకరించిన ప్రతివాణ్ణీ దొంగలా చూస్తే ఆ దేశాన్ని అవమానించినట్టే, మనమూ ముడుచుకుపోయినట్టే. నేను చెప్పేది దీనికి సరిగ్గా విరుద్ధం. మనుషులను అనుమానించమని ఈ పద్ధతి చెప్పదు, మీరే ముందు పలకరించమంటుంది. మోసాల జాబితాలు చదివి బెదిరినవాడు హోటల్ కిటికీలోంచి నగరాన్ని చూస్తాడు. ఎంపిక తన చేతిలో ఉంచుకున్నవాడు నూడుల్స్ బండి దగ్గర నిలబడి, పడవలో పక్క సీటు ముసలాయనతో సైగలతో మాట్లాడి, దారి తప్పి కూడా హాయిగా తిరుగుతాడు. పోనీ, తానుగా వచ్చి సాయం చేసే మంచివాళ్ళు లేరా? ఉన్నారు, థాయ్‌లాండ్‌లో బాగానే ఉన్నారు. వాళ్ళను పోల్చుకునే వీలూ ఉంది. మంచివాడి సాయం జవాబుతో ఆగిపోతుంది. దారి చూపించి తన దారిన పోతాడు. మోసగాడి సాయం పెరుగుతూ పోతుంది: దారి అడిగితే బండి, బండి ఎక్కితే గుడి, గుడి దాటితే దుకాణం. పొరపాటున ఒక మంచివాడికి చిరునవ్వుతో ‘వద్దు’ అని చెప్పారే అనుకుందాం, అతనికి పోయేదేమీ లేదు. రెండోవాడికి పొరపాటున ‘సరే’ అంటే మీకు పూట, డబ్బు పోతాయి. ఈ రెండు పొరపాట్ల ఖరీదు సమానం కాదు.

రెండో ఆక్షేపణ డబ్బున్నవాళ్ళ నోట ఎక్కువ వినిపిస్తుంది. పోతే వంద, రెండు వందల బాత్‌లు, బీదవాడికి కడుపు నిండుతుంది కదా, దానికింత రాద్ధాంతమా అని. ఇందులో నాకు సగం అంగీకారమే. బజారులో స్థానికుడికి నలభైకి ఇచ్చే మామిడికాయ మనకు అరవైకి ఇస్తే అది మోసం కాదు, బేరం చేతకాకపోవడం. రెండు ధరలు కూడా మోసం కాదు. గ్రాండ్ ప్యాలెస్‌కు విదేశీయులకు 500 బాత్‌ల టికెట్, థాయ్ పౌరులకు ఉచితం. దాన్ని చూసి మనవాళ్ళు మండిపడటం వింతగా ఉంటుంది. చార్మినార్ ఎక్కడానికి మనకు 25 రూపాయలు పెట్టి విదేశీయుడికి 300 పెట్టింది మనమే. టాక్సీ డ్రైవరు సంగతీ కాస్త ఆలోచించాలి. అద్దె కట్టి బండి తెచ్చుకున్నవాడికి, కదలని ట్రాఫిక్‌లో మీటరు మీద నిమిషానికి రాలేది రెండు మూడు బాత్‌లు. సాయంత్రం పూట సియాం ప్రాంతంలో మీటరుకు ఒప్పుకోకపోవడంలో దురాశ కన్నా ఈ లెక్క పాలే ఎక్కువ. చట్టం ప్రకారం అది తప్పే, 1584కు ఫిర్యాదు చేయవచ్చు. కానీ కోపం తెచ్చుకోకుండా మెట్రో ఎక్కేయడం మేలు. మోసం వేరు. అక్కడ మీకు తెలియకుండా మీ నిర్ణయాన్నే మార్చేస్తారు. అరవై బాత్‌ల మామిడికాయ మీరు కోరుకున్న మామిడికాయే. రత్నాల దుకాణానికి వెళ్ళాలని మాత్రం ఆ పొద్దున మీరు అనుకోలేదు. ఇక బీదవాడి కడుపు అంటారా, ఆ డబ్బులో పెద్ద వాటా అతనికి అందదు, గల్లా పెట్టె దగ్గర కూర్చున్నవాడికి పోతుంది.

ప్యాకేజీలో వెళ్తాం కాబట్టి ఈ బెడద మాకు లేదనే మాట ఉంది. మన ఊళ్ళ నుంచి బయల్దేరేవాళ్ళలో బ్యాంకాక్, పట్టాయా కలిపిన నాలుగు రాత్రుల ప్యాకేజీ తీసుకునేవాళ్ళు తక్కువేమీ కాదు. బస్సు, గైడు, భోజనం అన్నీ అమరి ఉంటాయి. అయితే ధర మరీ తక్కువగా ఉన్నప్పుడు ఆ తగ్గింపును భరిస్తున్నదెవరో అడగాలి. చైనా నుంచి వచ్చే ‘జీరో డాలర్’ టూర్ల మీద థాయ్ ప్రభుత్వం 2016లో విరుచుకుపడింది. ఖర్చు కన్నా తక్కువకు పర్యాటకులను తీసుకొచ్చి, ఒప్పందం ఉన్న దుకాణాల చుట్టూ తిప్పి, కమీషన్లతో లాభం పిండుకోవడం ఆ టూర్ల పద్ధతి. టక్‌టక్ కథే, బస్సంత పెద్దది చేశారు. మన ప్యాకేజీల్లో అందరూ ఇలా చేస్తారని కాదు. కార్యక్రమంలో ‘జెమ్ గ్యాలరీ సందర్శన’ అన్న వరుస కనబడితే మాత్రం అది దర్శనీయ స్థలమా, దుకాణమా అని డబ్బు కట్టే ముందే అడిగి, వద్దంటే బస్సులో కూర్చోవచ్చా అని కూడా తేల్చుకోవాలి. ఆ దుకాణంలో సరుకు నాసిరకం కానక్కర్లేదు. మీరు ఎంచుకోని దుకాణంలో, పోల్చి చూసే వీలు లేకుండా, గంటన్నర గడపవలసి రావడమే నష్టం.

నా వాదన ఒక చోట చతికిలబడుతుందని ఒప్పుకోవాలి. ముందు కదిపినవాడు యూనిఫాంలో ఉంటే? పోలీసు ఆపితే ‘నేను నిన్ను ఎంచుకోలేదు’ అని వెళ్ళిపోలేం. 2023 జనవరిలో తైవాన్ నటి ఒకామెను బ్యాంకాక్ చెక్‌పోస్టు దగ్గర ఆపి, ఈ-సిగరెట్ల పేరుతో 27,000 బాత్‌లు గుంజారన్న ఆరోపణ పెద్ద దుమారమైంది. పోలీసు అధికారుల మీద చర్యలు తీసుకోవాల్సి వచ్చింది. థాయ్‌లాండ్‌లో ఈ-సిగరెట్లు నిషిద్ధమన్నది నిజమైన చట్టమే, చాలామంది పర్యాటకులకు తెలియదు. ఇక్కడా వసూలుకు పనికొచ్చింది తెలియనితనమే. ఇలాంటప్పుడు చేయదగ్గది రెండే. నిషేధం ఉన్న వస్తువు వెంట ఉంచుకోకపోవడం, జరిమానా ఏదైనా ఉంటే స్టేషనుకు వచ్చి రసీదు తీసుకుని కడతానని నెమ్మదిగా చెప్పడం. విదేశీయుల కోసమే ఉన్న టూరిస్టు పోలీసుల నంబరు 1155, ఇంగ్లిషులో మాట్లాడతారు. ఆ నంబరు నొక్కుతూ కనిపిస్తేనే చాలా వ్యవహారాలు అక్కడికక్కడే సర్దుకుంటాయి.

అవతలివాడే ముందు కదిపే ఈ పద్ధతి ఎంత క్రూరంగా మారగలదో తెలుగు ఇళ్ళకు ఇప్పటికే తెలుసు. థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమంటూ ఫోనుకు వచ్చిన సందేశాన్ని నమ్మి బ్యాంకాక్‌లో దిగిన కుర్రవాళ్ళను మే సోట్ మీదుగా మోయ్ నది దాటించి మయన్మార్‌లోని మ్యావడీకి తరలించారు. అక్కడి సైబర్ నేరాల శిబిరాల్లో వెట్టిచాకిరీ చేయించారు. 2025 మార్చిలో భారత వాయుసేన విమానాలు మే సోట్ నుంచి 500 మందికి పైగా భారతీయులను వెనక్కి తీసుకొచ్చాయి. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. అంతకు ముందు 2024 మేలో కంబోడియాకు యువకులను పంపిన ఏజెంట్లను విశాఖ పోలీసులు పట్టుకున్నారు. పర్యాటకుడికి పోయేది ఒక పూట, వీళ్ళకు పోయింది పాస్‌పోర్టు, స్వేచ్ఛ. రెండు చోట్లా మొదటి మాట అవతలి నుంచే వచ్చింది.

ఇక ఊరి ధరలు, దారులు. ఇవి బయల్దేరే ముందే తెలిసి ఉంటే ప్యాలెస్ గోడ పక్కన వాదనకే అవసరం ఉండదు. సువర్ణభూమి విమానాశ్రయం నుంచి నగరానికి రైలు ఉంది, ఫాయా థాయ్ దాకా 45 బాత్‌లు. టాక్సీ కావాలంటే కింది అంతస్తులో యంత్రం ఇచ్చే చీటీతో ఎక్కాలి. మీటరు 35 బాత్‌లతో మొదలవుతుంది. దాని మీద విమానాశ్రయపు అదనం 50, టోల్ కట్టాల్సి వస్తే అది. ఆ చీటీ మీద బండి వివరాలుంటాయి, డ్రైవరు అడిగినా ఇవ్వకుండా మీ దగ్గరే ఉంచుకోవాలి. లోపల ‘టాక్సీ, టాక్సీ’ అంటూ వచ్చేవాళ్ళ సంగతి మళ్ళీ చెప్పక్కర్లేదు. గ్రాండ్ ప్యాలెస్‌కు ఇప్పుడు టాక్సీ, టక్‌టక్ రెండూ అనవసరం. 2019లో మెట్రో నీలి లైను సనామ్ చాయ్ దాకా వచ్చింది, అక్కడి నుంచి నడక దూరం. చావో ఫ్రయా నదిలో నారింజ జెండా పడవ ఎక్కితే 16 బాత్‌లకు తా చాంగ్ రేవులో దించుతుంది. ఆ దారిన వచ్చి, గోడ పక్కన ఎవరేం చెప్పినా ఆగకుండా, టికెట్లు ఇచ్చే గేటు దాకా నడవాలి. మూసి ఉందో లేదో చెప్పాల్సింది ఆ గేటే.

అన్నీ తెలిసీ మోసపోయేవాళ్ళు ఉంటారు. ప్రయాణపు అలసట, ఎండ, చంకలో పిల్లవాడు, బోలెడు కారణాలు. అప్పుడు ఎక్కువమంది చేసే పని నోరు మూసుకోవడం. ఆశపోతులే మోసపోతారన్న మాట ఇక్కడ మోసగాడికి రెండోసారి ఉపయోగపడుతుంది: నవ్వుతారన్న భయంతో బాధితుడు ఇంట్లో కూడా చెప్పడు, పోలీసులకు అంతకన్నా చెప్పడు. కార్డు మీద కట్టి ఉంటే అదే రోజు బ్యాంకుకు ఫోను చేసి అభ్యంతరం నమోదు చేయించాలి. దుకాణం రసీదు, బండి నంబరు, ఫోటో ఏది ఉంటే అది పట్టుకుని, దేశం వదిలే ముందే టూరిస్టు పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఇంటికి వచ్చాక హైదరాబాద్ నుంచి ఆ దుకాణాన్ని కదిలించడం చాలా కష్టం. సీలు వేయడంలోనూ, కొన్నిసార్లు రాళ్ళను పోస్టులో పంపిస్తామని ఒప్పించడంలోనూ కిటుకు అదే: మీరు సీలు తెంచి చూసేసరికి మీ విమానం ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది.